గార్డు బాబాయి కెమెరాలో రీలు

ఒక బరువు మోస్తున్నాను. ఎన్నేళ్ళుగానో చెప్పను. లెక్క వేయడం మొదలుపెడితే ఇది రాయడం మానేస్తానని భయం. మా ఆవిడకి తెలియదు. నాతో పనిచేసేవాళ్ళకి తెలియదు. తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు, ఇక తెలిసే అవకాశం కూడా లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళకి చెబితే వీపు నిమిరి ఓదారుస్తారు, లేదంటే నలుగురికి చెప్పి నవ్వుకుంటారు. రెండూ నాకు వద్దు. ఊరికే వినండి చాలు.

చిక్కేమిటంటే, నేను చేసిన తప్పు ఏదన్నది నాకే ఇప్పటికీ సరిగా అంతుపట్టలేదు. తప్పు జరిగింది, అందులో అనుమానం లేదు. ఎక్కడ జరిగింది? మూత తీసినప్పుడా? నోరు తెరిచినప్పుడా? ఆ తర్వాత ఇన్నాళ్ళూ నోరు మూసుకున్నందుకా? ఒక్కో రోజు ఒక్కోటి తప్పనిపిస్తుంది. కొన్ని రోజులు మూడూ అనిపిస్తాయి. ఏదీ పెద్ద తప్పు కాదనిపించే రోజులు కూడా ఉన్నాయి, ఆ రోజుల్లో నా మీద నాకే ఎక్కువ అసహ్యం వేస్తుంది.

నాది బిలాస్‌పూర్. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీవాళ్ళ ఊరికి రైల్వేలో ఖలాసీ కూలీగా వచ్చాడు. తర్వాత నాన్న, ఆ తర్వాత నేను ఇక్కడే ఉండిపోయాం. నేను రైల్వేలో చేరలేదు. డాక్యుమెంటరీలు తీస్తాను. పెద్ద పేరేమీ లేదు. బొగ్గు లారీల మీద, పట్టు నేతగాళ్ళ మీద, బెల్తరా వైపు ఎండిపోతున్న చెరువుల మీద తీసినవి అక్కడా ఇక్కడా ఆడాయి. తార్‌బహార్‌లో ఇల్లు. ఆ ఇంట్లో ముందుగదిలో ఒక అద్దాల బీరువా, దాని నిండా పాత కెమెరాలు.

ఈ పిచ్చి ఎలా పట్టిందని అడిగేవాళ్ళకి ఒక అందమైన జవాబు తయారుచేసి పెట్టుకున్నాను. ఇప్పటి కెమెరాలో తీసింది తీసినట్టు వెంటనే తెర మీద కనిపిస్తుంది, పాత కెమెరాలో ఫిల్ము కడిగేదాకా తీసినవాడికి కూడా ఏం వచ్చిందో తెలియదు, ఆ తెలియకపోవడంలోనే మజా ఉంది అంటాను. విన్నవాళ్ళు తలాడిస్తారు. నిజం అంత అందంగా ఉండదు. నాకు కెమెరా కనిపిస్తే చేతులు దురద పెడతాయి, అంతే. మూసేస్తున్న స్టూడియోలు, పాతసామాన్లు కొనే కబాడీ దుకాణాలు, రిటైరైపోయి సామాన్లు అమ్ముకునే వాళ్ళ ఇళ్ళు, అన్నీ తిరిగేవాణ్ణి. ఎవరైనా పెద్దాయన పోయాడని కబురొస్తే, అయ్యో అనుకునేలోపే ఆయన దగ్గర కెమెరా ఉండేదా అని గుర్తు చేసుకునేవాణ్ణి. చెప్పడానికి సిగ్గుగా ఉంది. కానీ చెప్పడానికే కదా కూర్చున్నాను.

గార్డు బాబాయి పోయారని తెలిసినప్పుడు కూడా నాకు ముందు కెమెరాయే గుర్తొచ్చింది.

ఆయన మాకు చుట్టం కాదు. నా చిన్నప్పుడు మా క్వార్టరుకి ఎదురు వరసలో ఉండేవారు. గూడ్సు బండి గార్డు. ఆయన్ని బాబాయి అనీ, వాళ్ళావిడని పిన్ని అనీ పిలిచేవాణ్ణి. మాట తక్కువ మనిషి. ఆయన దగ్గర ఒక జర్మనీ కెమెరా ఉండేది. ఊరు విడిచి వెళ్ళిపోతూ ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఇచ్చాడట. కాలనీలో బారసాల అయినా, పెళ్ళిచూపులకి ఫోటో కావాలన్నా బాబాయే తీసేవారు. తోలు తొడుగులోంచి దాన్ని బయటికి తీస్తుంటే మేమంతా చుట్టూ మూగేవాళ్ళం. ముట్టుకోనిచ్చేవారు కాదు. నా దురద అక్కడే మొదలైందేమో. అలా అనుకుంటే తప్పులో ఆయనకి కూడా కొంచెం వాటా వస్తుంది, నాకు కొంచెం తగ్గుతుంది. చూశారా, ఎలా ఆలోచిస్తానో.

ఆయన పోయేనాటికి వాళ్ళు క్వార్టరు ఖాళీ చేసి చాలా కాలమైంది. కొడుకు శ్రీను ఊళ్ళోనే లింగియాడీహ్‌లో ఇల్లు కట్టుకున్నాడు, అక్కడే ఉండేవారు. పరామర్శకి వెళ్ళాను. కెమెరా ఊసెత్తలేదు, అంత మర్యాద మాత్రం మిగిలింది. పెద్దకార్యం అయిన కొన్నాళ్ళకి పిన్నే కబురు చేసింది, ఓ పనుంది, ఒకసారి వచ్చి వెళ్ళమని. వెళ్ళాను. మంచం మీద కెమెరా పెట్టి ఉంది. చూస్తూ ఉండు, టీ పెడతానని వంటింట్లోకి వెళ్ళింది.

ఇక్కడ మీకు ఒక విషయం చెప్పాలి. పాత కెమెరా చేతికి రాగానే చేయాల్సిన పని ఒకటుంది. పైన ఎడమవైపు చిన్న చక్రం ఉంటుంది. దాన్ని మెల్లగా తిప్పి చూడాలి. వదులుగా తిరిగితే లోపల ఖాళీ. బిగుసుకుంటే ఫిల్ము ఉన్నట్టు. బిగుసుకుంటే వెనక మూత తీయకూడదు, తీస్తే వెలుగు పడి ఫిల్ము మాడిపోతుంది. ఈ పిచ్చి ఉన్నవాళ్ళందరికీ ఇది తెలుసు. కొత్తవాళ్ళకి నేనే చెబుతుంటాను. మాకు ఇంకో అలవాటు కూడా ఉంది. మూత తీసి, కెమెరాని వెలుగుకి పెట్టి, షట్టరు సరిగా తెరుచుకుంటోందో లేదో చూడటం. ఆ అలవాటు ముందరిదానికంటే బలమైనది. సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు, చెయ్యి దానంతటదే మూత మీదికి పోతుంది.

ఆ రోజు నేను చక్రం తిప్పానా? తిప్పలేదనే అనుకుంటున్నాను. తిప్పి, బిగువు తెలిసి కూడా మూత తీసి ఉంటే? అంత మూర్ఖుణ్ణి కాదు. ఎన్నాళ్ళుగానో కోరుకున్నది ఒళ్ళో ఉంటే మనిషి ఎంత మూర్ఖుడవుతాడో మాత్రం నాకు తెలుసు.

వంటింట్లోంచి పిన్ని గొంతు వినబడింది. "లోపల రీలున్నాది నాయినా, అందుకే నిన్ను పిలిచేను." ఆ మాట గుర్తుంది. మూత తెరుచుకున్న టిక్కుమనే చప్పుడు గుర్తుంది. ఏది ముందు? ఎన్నిసార్లు గుర్తు చేసుకున్నానో చెప్పలేను. సినిమా ఎడిట్ చేసేవాణ్ణి కదా, రెండు ముక్కల్నీ అటూ ఇటూ మార్చి చూసుకుంటాను. చప్పుడు ముందు, మాట తర్వాత అయితే నాది పొరపాటు. మాట ముందు అయితే దానికి నా దగ్గర పేరు లేదు. రెండు రకాలుగానూ అది నిజంలాగే కనిపిస్తుంది.

కిటికీ పక్కన కూర్చున్నాను. ఎండ సూటిగా ఒళ్ళో పడుతోంది. లోపల ఫిల్ము, అడ్డంగా పరుచుకుని, కుడివైపు చుట్ట చుట్టుకుని ఉంది. మూసేశాను. రెప్పపాటులో మూసేశానని నాకు నేను చెప్పుకుంటాను. కానీ ఫిల్ము జరిగే లోపలి పట్టాల మీద తుప్పు లేదని చూసినట్టు కూడా గుర్తుంది. తుప్పు చూడటానికి రెప్పపాటు చాలదు.

పిన్ని టీ తెచ్చింది. ఆవిడకేమీ తెలియదు. నా ఎదురుగా కూర్చుని ఆ రీలు కథ చెప్పింది.

ఒక దసరాకి రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో మా కాలనీ ఆడవాళ్ళంతా కలిసి తెలుగు నాటకం వేశారు. నవ్వుల నాటకం. మగ వేషాలు కూడా ఆడవాళ్ళే కట్టారు. నేనప్పుడు చిన్నవాణ్ణి, ముందు వరసలో నేల మీద కూర్చుని చూశాను. పిన్ని స్టేషన్ మాస్టారు వేషం. బండి వస్తుందో రాదో తెలియక ప్రయాణికులందరికీ ఒక్కో అబద్ధం చెప్పే స్టేషన్ మాస్టారు. ఆవిడ మీసం మెలేస్తూ నడుస్తుంటే హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఆ వేషానికి బాబాయి తెల్ల కోటూ, ఆయన ప్యాంటూ వాడుకుంది. అదే గొడవ. గార్డు పెళ్ళాం ప్యాంటేసుకుని స్టేజీ ఎక్కితే డ్యూటీలో తనని బతకనిస్తారా అని బాబాయి మండిపడ్డారట. వద్దన్నా ఆవిడ వినలేదు. నాటకం రోజున ఆయన ఆఖరి వరసలో ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నారు. అయినా కొత్త రీలు వేసుకుని కెమెరా తెచ్చారు. ఆయన కెమెరా కంటికి పెట్టుకోవడం స్టేజీ మీంచి తను చూశానని పిన్ని చెప్పింది.

భయపడినట్టే అయింది. మీ స్టేషన్ మాస్టారు ఇవాళ లైన్ క్లియర్ ఇచ్చారా లేదా అని తోటి గార్డులు ఆయన్ని ఆటపట్టించారు. ఆయన ఇంటికొచ్చి ఆవిడ మీద అరిచారు. ఆవిడ ఊరుకుంటుందా? నువ్వు తీసిన ఫోటోలూ వద్దు, నువ్వూ వద్దు అంది. సరే, తీశాను, నువ్వడిగిన రోజు కడిగిస్తానని ఆయన ఆ కెమెరాని అలాగే ట్రంకులో పెట్టేశారు. రీలు సగంలోనే ఆగిపోయింది. తర్వాత కాపురం బాగానే సాగింది, శ్రీను పుట్టాడు, నవ్వుకున్నారు, తిట్టుకున్నారు. ఆ రీలు సంగతి దగ్గర మాత్రం ఇద్దరూ తాము పట్టిన కుందేలుకి మూడే కాళ్ళన్నారు. అడుగుతావా అని ఆయన అప్పుడప్పుడూ అనేవారట. అడగను అని ఈవిడ. ఆఖరికి అది వాళ్ళిద్దరి మధ్య వేళాకోళం లాగా అయిపోయింది. మళ్ళీ ఆయన కెమెరా ముట్టుకోలేదు.

ఇదంతా చెప్పి పిన్ని నా చేతిలో కెమెరా వంక చూసింది. ఇప్పుడడుగుతున్నాను నాయినా, ఆయనకి బదులు నువ్వు కడిగించు, అంది. బొమ్మ ఎలా ఉన్నా పర్వాలేదట. ఆ రోజు తనని చూసి ఆయనకి సిగ్గేసిందా, ముచ్చటేసిందా అన్నదొక్కటే ఆవిడకి తెలియాలట. బతికుండగా ఆయన చెప్పలేదు. సిగ్గేసినవాడైతే ఫోటో తీయడు కదా అని తనే అని, తనే నవ్వింది.

నేను టీ తాగుతున్నాను. అప్పుడే చెప్పి ఉండొచ్చు. పిన్నీ, పొరపాటున మూత తీశాను, కొంత పోయి ఉంటుంది, అనాల్సింది అంతే. ఆవిడ తిట్టేదా? నాలుగు తిట్టేదేమో. తర్వాత తనే ఇంకో టీ ఇచ్చేది. ఎందుకు చెప్పలేదు? నిజంగా తెలియదు. కెమెరాల గురించి నాకంత తెలుసని కాలనీ అంతా అనుకునేది, ఆ పేరు పోతుందని కావచ్చు. చెబితే కెమెరా నా చేతిలోంచి తీసేసుకుంటుందని కావచ్చు. ఈ రెండోది రాస్తుంటే చెయ్యి కొంచెం ఆగింది.

కెమెరా ఇంటికి తెచ్చాను, కడిగించలేదు. రోజులు గడిపాను. కడిగితే ఏం లేకపోతే ఒక బాధ, సగం ఏదైనా వస్తే ఇంకో బాధ. ఆ సగం ఎందుకు పోయిందని అడిగితే? పిన్ని ఫోన్ చేసేది. రాయ్‌పూర్‌లో ఉన్నాననేవాణ్ణి, షూటింగులో ఉన్నాననేవాణ్ణి. ఒకరోజు శ్రీను బజార్లో కనిపించి అమ్మ అడుగుతోందన్నాడు. ఇక తప్పదని, కెమెరా పట్టుకుని వెళ్ళాను. ఏం చెప్పాలో అనుకోకుండా వెళ్ళాను. అది కూడా నిజమో కాదో.

పిన్ని గుమ్మంలోనే ఎదురొచ్చింది.

"ఏటయింది నాయినా? బొమ్మలొచ్చాయేటి?"

"రాలేదు పిన్నీ."

"ఒక్కటీ రానేదా?"

"ఒక్కటీ రాలేదు."

ఆవిడే మళ్ళీ అడిగింది. "పాడయిపోనాయా, నేకపోతే ఆయన అసలు తియ్యనేదా?"

ఇక్కడ ఆగండి. నేను ఎప్పుడూ ఇక్కడే ఆగిపోతాను. ఆవిడ నా ముందు రెండు దారులు పెట్టింది, ఇందులో ఏదో ఒకటి చెప్పు అని. పాడైపోయాయి అంటే చాలు. అది సగం నిజం. పాతబడి పాడైపోయాయని ఆవిడే అనుకునేది, కొంచెం బాధపడేది, ఆయన తీశారన్న మాట మాత్రం ఆవిడ దగ్గర ఉండిపోయేది. పాడైపోయాయి అనడానికి నాకు నోరు రాలేదు. ఎలా పాడైపోయాయి అని అడుగుతుందని భయం. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మాట నా దగ్గరికే వస్తుందనిపించింది. రెండో దారిలో ఏ ప్రశ్నా లేదు. ఆ దారిలో నేను లేను.

"తీసినట్టు లేదు పిన్నీ. రీలు కొత్తగానే ఉంది."

"అచ్ఛా," అంది పిన్ని. గుమ్మం పట్టుకుని నిలబడింది. "అయితే ఉత్తినే కంటికి పెట్టుకున్నారన్నమాట. నన్నూరుకోబెట్టడానికి."

అప్పుడైనా అనొచ్చు. అనలేదు.

"కెమెరా నువ్వే ఉంచీసుకో," అంది. "నీకిష్టం గదా. మాకెందుకింక అది."

తీసుకున్నాను. వద్దు పిన్నీ అని ఒకసారి అన్నానని గుర్తు. ఒకసారే. ఇంటికొచ్చి దాన్ని తుడిచి బీరువాలో మధ్య అరలో పెట్టాను. ఆ రోజు నాకు సంతోషం వేసింది, అది కూడా చెప్పాలి. దిగులు ఉంది, దాని పక్కనే సంతోషం కూడా ఉంది. ఏది ఎక్కువంటే చెప్పలేను. ఆ కెమెరా కోసమే అబద్ధం ఆడానా? ఆడేటప్పుడు ఆ ఆలోచన లేదు. లేదనే అనుకుంటున్నాను. కానీ అబద్ధం ఆడినందుకే అది నా ఇంటికి వచ్చింది. ఈ రెండు మాటల మధ్య నేను ఎక్కడున్నానో నాకు తెలియదు.

తర్వాత చాలా నెలలకి రీలు కడిగాను. ఎందుకంటే ఏం చెప్పను. బీరువా తెరిచినప్పుడల్లా అది లోపల ఉందని తెలుస్తూనే ఉంది. ఫిల్ము చుట్ట చుట్టుకుని ఉంటుంది కదా, వెలుగు పడితే పైచుట్లు మాడిపోతాయి. లోపలి చుట్లకి, అంటే మొదట తీసిన బొమ్మలకి, కొంచెం రక్షణ ఉంటుంది. ఈ సంగతి నాకు మొదటినుంచీ తెలుసు. పిన్ని గుమ్మంలో నిలబడినప్పుడు కూడా తెలుసు. టీచరైన మా ఆవిడ స్కూలుకి వెళ్ళాక బాత్రూం కిటికీకి నల్లగుడ్డ కట్టి, నేనే మందు కలిపి కడిగాను. స్టేజీ బొమ్మలన్నీ పోయాయి. మొట్టమొదటిది మిగిలింది. ఒక పక్కంతా తెల్లటి పొగ కమ్మేసింది గానీ, మధ్యలో బొమ్మ శుభ్రంగా ఉంది.

అందులో ఏముందో ఇప్పుడే చెప్పను. చెబితే మిగతాది చెప్పడానికి ధైర్యం ఉండదు.

దాన్ని తీసుకుని పరుగెత్తాల్సింది. పిన్నీ, తప్పు చెప్పాను, చూడు, అనాల్సింది. రెండుసార్లు బయల్దేరాను. ఒకసారి వాళ్ళ వీధి మొదట దాకా వెళ్ళి స్కూటర్ తిప్పేశాను. మొదట నిజం చెప్పడం ఒక టీ కప్పంత పని. ఇప్పుడు మూత తీసిన సంగతి చెప్పాలి, కడగకుండా కడిగానన్న సంగతి చెప్పాలి, కెమెరా పుచ్చుకున్న సంగతి ఎలా చెప్పాలో తెలియదు. ఆలస్యం చేసినకొద్దీ చెప్పాల్సింది పెరుగుతూ పోయింది. మింగలేను, కక్కలేను. బొమ్మని ఒక పుస్తకంలో పెట్టి పుస్తకాన్ని పై అరలో పెట్టాను.

ఈలోపు పిన్ని మారింది. నా వల్లే మారిందంటారా? వయసొస్తే ఎవరైనా మారతారు. కానీ ఇంతకుముందు ఆవిడ స్టేషన్ మాస్టారు కథని శ్రీను పిల్లలకి మీసం మెలేసి చూపిస్తూ చెప్పేది. మానేసింది. పిల్లలు అడిగితే, అవన్నీ ఏటికి లెద్దురూ, అనేదట. బాబాయి గురించి ఎవరైనా మంచిగా మాట్లాడితే ముఖం పక్కకి తిప్పుకునేది. ఒకసారి వినాయక చవితి పందిట్లో అందరం కూర్చుని ఉన్నాం. ఎవరో బాబాయి ఫోటోల గురించి ఎత్తారు. పిన్ని తేలిగ్గా, నవ్వుతూ అంది. "ఆయన తీసీవారేటి? నాకైతే ఉత్తి కెమెరా కంటికి పెట్టి చూపించీసేరు." అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆవిడ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. పొగ వల్లేమో, అక్కడ హోమం జరుగుతోంది. పొగ వల్లే అని ఆ రోజు ఇంటికి వచ్చేదాకా అనుకున్నాను.

ఒక మనిషి పోయాక అతని మీద మాట పడితే జవాబు చెప్పుకోలేడు. అది తెలిసి కూడా నేను ఆయన మీద వేశాను. బాబాయికి నేనేం చేశాను? నాకు ఫోటో అంటే ఏమిటో మొదట చూపించిన మనిషి ఆయన. ఆయన్ని ఆయన భార్య ముందు దొంగని చేశాను. పిన్నికి ఏం చేశాను? ఆవిడ మిగిలిన రోజులన్నీ, తనని చూసి మొగుడికి సిగ్గేసిందనుకుని బతికింది. ఇంత రాశాక కూడా లోపల ఒక గొంతు అంటుంది, మరీ అంత ఊహించుకోకు, ఆవిడ నాలుగు రోజుల్లో మర్చిపోయి ఉంటుంది అని. ఆ గొంతు మాట నమ్మాలని ఉంటుంది.

ఈ చలికాలం పిన్ని పోయింది. నిద్రలోనే పోయింది.

పెద్దకార్యానికి ముందు శ్రీను ఫోన్ చేశాడు. వాడికి తెలుగూ హిందీ కలిసిపోయే వస్తాయి. "అన్నా, అమ్మది ఏటైనా అచ్ఛా వాలా ఫోటో ఉందేటి నీ దగ్గర? మా దగ్గర ఆధార్ వాలా తప్ప ఏటీ నేదు." ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే పై అర వంక చూశాను. వెతికి పంపిస్తానన్నాను. ఎవరిదో పెళ్ళిలో నేను తీసిన వీడియో ఉంది. అందులోంచి పిన్ని ముఖం ఒకటి కత్తిరించి పంపాను. ఆవిడ ఎటో చూస్తోంది. భుజం దగ్గర ఇంకెవరిదో మోచెయ్యి. దానికే పెద్ద ఫ్రేము కట్టించి దండ వేశారు. నేను వెళ్ళి దాని ముందు పువ్వులు వేసి దణ్ణం పెట్టాను. భోజనం చేశాను. శ్రీను నా చెయ్యి పట్టుకుని థాంక్స్ అన్నా అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు సరిగా నిద్ర లేదు. మొదటిసారి అబద్ధం ఆడినప్పుడు భయపడ్డాను అనుకోవచ్చు. ఈసారి నన్ను భయపెట్టడానికి ఎవరున్నారు? ఆవిడ లేదు, ఆయన లేరు. ఆ అబ్బాయికి వాళ్ళమ్మ బొమ్మ కావాలి. నా దగ్గర ఉంది. ఇవ్వలేదు. ఎందుకివ్వలేదో చెప్పండి అని మీ కాళ్ళు పట్టుకోవాలని ఉంది, మీకెలా తెలుస్తుంది?

సరే. బొమ్మలో ఏముందో చెబుతాను.

అది స్టేజీ మీద తీసింది కాదు. వాళ్ళ క్వార్టర్లో తీసింది, నాటకానికి ముందు, పగటిపూట. గోడకి అద్దం. అద్దం ముందు పిన్ని, వీపు ఇటు. ఆయన తెల్ల కోటు వేసుకుంది, చేతులు పొడుగై వేళ్ళ దాకా వచ్చాయి. అద్దంలోకి వంగి, కాటుకతో మీసం గీసుకుంటోంది. చూపంతా పెదవి మీదే ఉంది. తనని ఎవరో చూస్తున్నారని ఆవిడకి తెలియదు. అద్దంలో ఆవిడ భుజం మీంచి వెనక గుమ్మం కనిపిస్తుంది. ఆ గుమ్మంలో బాబాయి. బనీను, లుంగీ, చెదిరిన జుట్టు. నైట్ డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నారని ఆవిడ అనుకుని ఉంటుంది. కెమెరా కంటికి పెట్టుకున్నారు, సగం ముఖం దాని వెనక ఉంది. కెమెరా కింద నోరు మాత్రం కనిపిస్తోంది. ఆయన నవ్వుతున్నారు. ఇంత నవ్వు, పళ్ళు కనబడేంత నవ్వు, ఆయన ముఖాన నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళిద్దరూ కలిసి ఉన్న ఫోటో నాకు తెలిసి ఇంకొకటి లేదు.

అంటే వద్దని అరిచిన మనిషే, కొత్త రీలు వేసి, మొట్టమొదట తీసింది ఇది. ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు ఇందులో ఉంది. ఆవిడ కళ్ళతో ఒక్క క్షణం చూస్తే సరిపోయేది. అన్నేళ్ళూ నా పుస్తకాల మధ్య ఉంది.

శ్రీనుకి ఇస్తానా? తెలియదు. ఇస్తే వాడు అడుగుతాడు, ఇది అమ్మకెందుకు చూపించలేదని. మీరైతే ఏం చేస్తారో అడగను. క్షమించమని కూడా అడగను, మీరెవరు క్షమించడానికి? క్షమించాల్సిన ఇద్దరూ లేరు. ఇంత రాశాక గుండెల్లో బిగువు కాస్త సడలిన మాట నిజం. అలా సడలడానికి నాకు హక్కుందా అంటే అదీ తెలియదు. అన్నీ తెలియదనే చెబుతున్నాను. తెలిసిన మాట ఒక్కటే ఉంది, దాన్నైనా ఎక్కడో ఒకచోట గట్టిగా చెప్పాలి.

తీశారు పిన్నీ. బాబాయి నీ ఫోటో తీశారు. తీయలేదన్నది నేను.